మంచనబెలె నీళ్ల పక్కన ఒక రాత్రి: టెంట్‌కి మంచి మార్కులు, లైఫ్ జాకెట్‌కి సున్నా

మా నాయన నీళ్ల దగ్గర బతికిన మనిషి. అనంతపురం పక్కన మిడ్ పెన్నార్ డ్యామ్ కాలువల మీద 32 ఏళ్లు లస్కర్‌గా, అంటే కాలువ కాపలా మనిషిగా, పనిచేశాడు. ఈ సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చేటప్పుడు ఆయన్ని కూడా బెంగళూరు వెంటబెట్టుకొచ్చాం. మారతహళ్లిలో మా ఫ్లాట్ నాలుగో అంతస్తు. రెండు రోజులు బాల్కనీలో కూర్చుని కింద ట్రాఫిక్ చూసి, మూడో రోజు పొద్దున్నే "ఇంగ ఊరికి పోతా పాపా" అన్నాడు. మా అబ్బాయికి 11 ఏళ్లు. వాడికి టెంట్‌లో పడుకోవాలని ఎప్పటి నుంచో ఆశ. ఆయన్ని ఇంకో నాలుగు రోజులు ఆపినట్టూ ఉంటుంది, వీడి ముచ్చటా తీరుతుందని, బెంగళూరుకి పడమరనున్న మంచనబెలె జలాశయం ఒడ్డున చెట్ల మధ్యలో ఉన్న ఒక చిన్న క్యాంపులో శనివారం రాత్రికి బుక్ చేశాను. పెద్దవాళ్లకి మనిషికి 1,600, పిల్లలకి 1,000. మా ఆయనతో కలిపి నలుగురికి 5,800 అయింది. సాయంత్రం టీ, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ అందులోనే.

క్యాంపు పేరు రాయడం లేదు. బాగాలేనివి కూడా చెప్పబోతున్నాను, వాటిలో ఒకటి పెద్దదే. అక్కడి కేర్‌టేకర్ మా ముందే తప్పు ఒప్పుకుని సరిచేయిస్తానన్నాడు, ఆయనకి కొంత టైమ్ ఇవ్వాలి కదా. పైగా ఆ చుట్టుపక్కల ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మీరు వేటికి వెళ్లినా నేను చూసినవే మీరూ చూసుకోవాలి.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరాం. నైస్ రోడ్డు మీదుగా మైసూరు రోడ్డుకి వచ్చి, కెంగేరి దాటాక రామోహళ్లి వైపు తిరగాలి. దారిలోనే దొడ్డ ఆలద మర ఉంది. నాలుగు వందల ఏళ్ల నాటి మర్రి, మూడెకరాల దాకా పరుచుకుంది. అసలు మాను జబ్బు చేసి ఎప్పుడో పోయింది, ఇప్పుడున్నవన్నీ ఊడలు దిగి మానులైనవే. నాయన దాని కింద ఓ చుట్టు తిరిగొచ్చి "మన తిమ్మమ్మ మర్రిమానుకు ఇది చెల్లెలు" అన్నాడు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లోనే గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది మరి, ఆ మాట న్యాయమే. అక్కడ కోతులెక్కువ, చేతిలో తినేవి పెట్టుకుని దిగకండి.

చివరి రెండున్నర కిలోమీటర్లు మట్టిరోడ్డు. మాది చిన్న కారు, రెండుచోట్ల కింద రాయి తగిలింది. చీకటి పడితే ఆ దారిలో ఒక్క లైటు ఉండదు, సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంటుంది. అయిదులోపు చేరేలా చూసుకోండి. క్యాబ్‌లో వెళ్లాలనుకుంటే తిరిగొచ్చేదానికి కూడా ముందే మాట్లాడి పెట్టుకోండి.

కారు దిగి చెట్ల సందులోంచి నాలుగడుగులు వేస్తే నీళ్లు. నాకు నోట మాట రాలేదు. ఇంతకాలం ఈ ఊళ్లో ఉంటున్నా, అన్ని నీళ్లు ఒక్కచోట, ఎవరి చప్పుడూ లేకుండా, చూడనే లేదు. ఇది అర్కావతి నది. నంది కొండల్లో పుట్టి, హెసరఘట్ట చెరువు, తిప్పగొండనహళ్లి జలాశయం దాటి ఇక్కడికొస్తుంది. ఇక్కణ్నుంచి రామనగర, కనకపుర మీదుగా పోయి సంగమ దగ్గర కావేరిలో కలుస్తుంది. అవతల ఒడ్డు వెనక సావనదుర్గ కొండ, 1,226 మీటర్ల ఎత్తున్న ఒకటే బండ. సాయంత్రం నల్లగా కనిపించింది, తెల్లారి ఎండ పడ్డాక తేనె రంగుకి తిరిగింది. నీళ్లలో మునిగిన ఒక ఎండు మోడు మీద రెండు నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి. దూరంగా ఒకాయన పుట్టిలో కూర్చుని వల లాగుతున్నాడు. ఇక్కడివాళ్లు పుట్టిని తెప్ప అంటారు.

అడవి అంటే పడమటి కనుమల్లోని మలెనాడు లాంటి దట్టమైన అడవిని ఊహించుకుని రావద్దు. ఇది మన రాయలసీమ అడవికి దగ్గరిది. మోదుగ, తుమ్మ, వెదురు, మధ్యమధ్యలో నీలగిరి చెట్లు, కింద ఎండుటాకులు. నాయనకి అదే నచ్చింది. ఒక్కో చెట్టునీ పేరు పెట్టి పలకరిస్తూ నడిచాడు.

టెంట్ల సంగతి. మొత్తం పన్నెండు. ముగ్గురు పట్టే డోమ్ టెంట్లు, ఒక్కోటి రాళ్లు పేర్చి మట్టి దిమ్మిస చేసిన అరుగు మీద వేశారు. కింద టార్పాలిన్, పైన మందపాటి పరుపులు, స్లీపింగ్ బ్యాగులు. స్లీపింగ్ బ్యాగు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఉతికిన వాసన వచ్చింది, చెమట వాసన కాదు. నా వరకు ఇది పెద్ద మార్కు. జిప్పులన్నీ సరిగ్గా పడుతున్నాయి, మేకులు గట్టిగా దిగి ఉన్నాయి. నాయన మాత్రం టెంట్ లోపలికి తొంగి కూడా చూడలేదు. ముందు ఒడ్డున ఉన్న బండల మీద తెల్లటి చార వెతికాడు. డ్యామ్ నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ చార చెబుతుందట. అక్కణ్నుంచి టెంట్ల దాకా అడుగులు లెక్కపెట్టి "డెబ్బై. ఫర్వాలేదు, తెలిసినోడే వేసినాడు" అన్నాడు. అప్పుడే బ్యాగు కింద పెట్టాడు.

ఇక అసలు విషయానికి వస్తాను.

టీ తాగి ఒడ్డుకి వెళ్లాం. జనవరికి నీళ్లు కొంత వెనక్కి తగ్గి, చెట్లకీ నీళ్లకీ మధ్య బీటలు వారిన నేల ఉంది. చూస్తే ఎండిన మడిలాగే ఉంటుంది. మా వాడు చెప్పులు విప్పి దాని మీదకి పరుగెత్తబోయాడు. నాయన వాడి చొక్కా వెనక నుంచి పట్టుకుని ఆపాడు. అంత వేగంగా ఆయన కదలడం నేను చూసి చాలా ఏళ్లయింది. పక్కన పడున్న వెదురు కర్ర తీసుకుని, ఆ నేల మీద మొన ఆనించి మెల్లగా నొక్కాడు. పైన పెచ్చు బిళ్లలాగా విరిగింది, అంగుళం మందం ఉంటుందేమో. ఆ తర్వాత కర్ర ఏ అడ్డూ లేకుండా పోతూనే ఉంది. మూడడుగులు దిగింది. పైకి లాగితే వెంటనే రాలేదు. రెండు చేతులతో అటూ ఇటూ తిప్పి లాగితే చప్పుడు చేస్తూ వచ్చింది, చివరంతా నల్లటి జిగట.

"సూడు అబ్బోడా. పైన ఎండింటాది, కింద అడుసు ఉంటాది. ఏటా వరదొచ్చినప్పుడు ఒండు తెచ్చి ఈడ పోస్తాది ఏరు. కాలు దిగితే ఎంత గుంజినా రాదు, గుంజేకొద్దీ రెండో కాలు దిగుతాది" అన్నాడు నాయన.

తర్వాత కర్ర నీళ్ల వైపు చూపించి ఇంకో మాట చెప్పాడు. ఇది చెరువు కాదు, కట్ట కట్టి నిలబెట్టిన ఏరు. పైన నీళ్లు ఒకే మట్టంగా కనిపించినా, అడుగున పాత ఏటి గాడి అట్లాగే ఉంటుంది. మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఉంటాం, తర్వాతి అడుగు ఆ గాడిలో పడితే నిలువెత్తు దాటిపోతుంది. ఈత వచ్చినవాళ్లు కూడా ఆ క్షణంలో ఊపిరి తప్పి నీళ్లు మింగుతారట. తన సర్వీసులో అలా పోయినవాళ్లని బయటికి తీసే పనిలో ఎన్నోసార్లు తాడు పట్టుకున్నానని చెప్పాడు. ఎన్నిసార్లో చెప్పలేదు, మేమూ అడగలేదు. మంచనబెలె పేరుతో ఇలాంటి వార్తలు బెంగళూరు పేపర్లలో ఎన్నిసార్లు చదివానో. చదివిన ప్రతిసారీ తాగి దిగుంటారులే అనుకునేదాన్ని. ఆ కర్ర చూశాక అలా అనుకోలేను.

అక్కడ క్యాంపువాళ్లు ఒక తాడు కట్టి, కన్నడలో, ఇంగ్లీషులో దిగవద్దని బోర్డు పెట్టారు. మంచిదే. కానీ ఎందుకు దిగవద్దో ఎవరూ చెప్పరు. వచ్చిన వాళ్లందరినీ సాయంత్రం టీ దగ్గరే నిలబెట్టి, ఒక్క కర్ర ఆ నేలలో గుచ్చి చూపిస్తే చాలు, బోర్డు అవసరం ఉండదు. కేర్‌టేకర్‌కి ఇదే చెప్పాను. ఆయన పక్క ఊరి మనిషి, చిన్నప్పటి నుంచి ఆ ఒడ్డున పెరిగినవాడు, నాయన చెప్పిన ప్రతిదానికీ తలూపాడు.

కయాక్ (తెడ్డేసే చిన్న పడవ) అరగంటకి 300, అది విడిగా కట్టాలి. ఒడ్డున ఒక పక్క గట్టి రాతి నేల మీద నుంచి ఎక్కిస్తారు, ఆ చోటు సరైనదే. లైఫ్ జాకెట్లు ఒక కొయ్యకి తగిలించి ఉన్నాయి. ఎనిమిది. ఒక్కోటీ తీసి చూశాను. అయిదింటికి బకిల్ విరిగింది. వాటిలో ఒకదానికి ప్లాస్టిక్ తాడు కట్టి ముడేశారు. పిల్లల సైజు ఒక్కటి కూడా లేదు. పెద్దవాళ్ల జాకెట్‌నే మా వాడికి వేసి, బెల్టులు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాను. చెవుల దాకా లేచొచ్చింది. నీళ్లలో పడితే ఇదే జరుగుతుంది: జాకెట్ పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు. మీరూ ఎక్కడైనా సరే, పడవ ఎక్కే ముందు ఇలా లాగి చూడండి, గడ్డం దాటి వస్తే వద్దనండి. లోపలి ఫోమ్‌ని కూడా వేళ్లతో నొక్కి చూడాలి. నొక్కు అలాగే ఉండిపోతే ఆ జాకెట్ పని అయిపోయినట్టే.

నాకు అక్కడ కోపం వచ్చింది. టెంట్లకి కొత్త జిప్పులు వేయించే శ్రద్ధ ఉన్నవాళ్లకి ఇది ఎలా కనపడలేదు? పల్లెటూరి పద్ధతిలో ఉంటుంది, ఏసీ ఉండదు, గీజర్ ఉండదు, మంచం ఉండదు అంటే ఆనందంగా వస్తాం. దాని కోసమే వస్తాం. ప్రాణం కాపాడే వస్తువు మాత్రం ఉండి తీరాలి, అదీ నడుస్తున్నది ఉండాలి. కేర్‌టేకర్‌ని పిలిచి చూపించాను. ఆయన వాదించలేదు. ఓనర్‌కి రెండుసార్లు చెప్పానని, కొత్తవి రావాలని, అప్పటిదాకా పిల్లల్ని ఎక్కించనని అన్నాడు. విరిగిన అయిదింటినీ కొయ్య మీంచి తీసి లోపల పడేశాడు. అప్పటికే కయాక్ కోసం నిలబడ్డ ఇంకో కుటుంబానికి కూడా పిల్లల్ని వద్దన్నాడు. వాళ్లు నావైపు కొంచెం గుర్రుగా చూశారు. మా వాడు ఏడ్చాడు. వాడిని అలాగే ఏడవనిచ్చాను.

భోజనం గురించి మాత్రం మనసారా చెప్పాలి. రాగి ముద్ద, నాటుకోడి సారు, శాకాహారులకి హితికిద అవరెకాళు సారు. అంటే మన పితికిపప్పే. మాగడి వైపు అవరెకాయలకి బెంగళూరంతా పేరుంది, జనవరి వాటి కాలం. నానబెట్టి తొక్క పితికి తీసిన అనపగింజలు, కొబ్బరి, ధనియాలు నూరి వేసిన సారు, పైన వెల్లుల్లి తిరగమోత. నాయన కోడి పక్కన పెట్టి దీన్నే రెండుసార్లు పోయించుకున్నాడు. మన సంగటిలో బియ్యం పడతాయి కాబట్టి నోటికి పలుకు తగులుతుంది. ఇక్కడి ముద్దలో రాగిపిండి ఒక్కటే. నున్నగా ఉంటుంది, నమలకుండా సారులో ముంచి మింగాలి. మా ఆయనది కాకినాడ వైపు, ఆయనకి ఇది కొత్త. వండే ఆమె బయటికొచ్చి తుంచడం ఎలాగో చూపించి మరీ తినిపించింది. పళ్లాలు, గ్లాసులు అన్నీ స్టీలు, ఒక్క ప్లాస్టిక్ కప్పు కనపడలేదు. దానికి వాళ్లకి దండం పెట్టాలి. ఎందుకంటే క్యాంపు హద్దు దాటి ఒడ్డున వంద గజాలు నడిస్తే, పగలు వచ్చిపోయేవాళ్లు వదిలేసిన బీరు సీసా పెంకులు, చిప్స్ కవర్లు.

మంట వేసే పద్ధతి కూడా నచ్చింది. చాలాచోట్ల నేల మీదే కట్టెలు పేర్చేస్తారు. ఇక్కడ సగానికి కోసిన ఇనుప డ్రమ్ములో వేశారు. చుట్టూ ఆకులు ఊడ్చేసి, పక్కన రెండు బకెట్ల నీళ్లు పెట్టారు. ఈ ఎండుటాకుల అడవులకి ఫిబ్రవరి నుంచి నిప్పు భయం. ఒక్క రవ్వ చాలు.

ఏడున్నర నుంచి పక్క గుంపువాళ్లు స్పీకర్ పెట్టారు. తెలుగు పాటలే, నేను కారులో వినే పాటలే. అయినా ఆ నీళ్ల దగ్గర భరించలేకపోయాను. పది దాకా పాటలకి అనుమతి ఉందట. పది కాగానే కేర్‌టేకర్ వచ్చి చెప్తే మారు మాట్లాడకుండా ఆపేశారు, అది వాళ్ల మంచితనం. కానీ ఆ రూల్ ఎనిమిదికి మార్చాలి, లేదా స్పీకర్లు గేటు దగ్గరే తీసి పెట్టుకోవాలి.

పది దాటాక వచ్చింది అసలు రాత్రి. తూర్పున బెంగళూరు వెలుగు ఆకాశం అంచున మురికి పసుపు రంగులో ఉంది. మిగతా అంతా నల్లగా, చుక్కలతో. నాయన టెంట్ ముందు దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకుని మనవడికి చూపించాడు. అదిగో పిల్లలకోడి, తల్లికోడి చుట్టూ పిల్లలు. ఇదిగో గొల్లకావడి, మూడు చుక్కలు వరుసగా. కాలువ మీద రాత్రి డ్యూటీలో టైమ్ చూసుకోవడానికి ఇవే ఉండేవట. మా వాడు ఫోన్‌లో యాప్ తీసి పేర్లు సరిచూశాడు, కృత్తికలు, ఒరాయన్ బెల్టు. నాకు కూడా నాయన ఇవన్నీ చెప్పే ఉంటాడు. నాకు ఒక్కటీ గుర్తులేదు.

పన్నెండు దాటాక ఒడ్డు వైపు నుంచి తీతువు అరవడం మొదలుపెట్టింది. ఒకటే అరుపు, ఆగకుండా. అమ్మ ఉన్నప్పుడు తీతువు అరిస్తే అపశకునం అనేది. నాకు గుండె దడదడలాడింది. నాయన నిద్రలోంచే "దానిది గూడు నేల మీద ఉంటాది మా. ఏదో దగ్గరికొచ్చింటాది" అన్నాడు. ఆ వైపు చిరుతలు తిరుగుతాయి, ఏనుగులు కూడా అప్పుడప్పుడు వస్తాయి. కేర్‌టేకర్ రెండు నిమిషాల్లో పెద్ద టార్చితో ఒడ్డంతా వేసి చూశాడు. టెంట్ల మధ్యలో ఓ చుట్టు తిరిగాడు, మా టెంట్ దగ్గర ఆగి "ఏనూ ఇల్ల, మలగి" (ఏమీ లేదు, పడుకోండి) అని చెప్పి వెళ్లాడు. రాత్రంతా ఒక మనిషి మేలుకుని ఉండటం మామూలు విషయం కాదు. బుక్ చేసేటప్పుడు ఫోటోల కంటే ముందు ఈ ప్రశ్న అడగండి: రాత్రి ఎవరు మేలుకుని ఉంటారు?

తెల్లవారుజామున చలి బాగానే కొరికింది. టెంట్ లోపలి గుడ్డ మీద మన ఊపిరే నీటిబొట్లుగా పట్టి, తల దగ్గర టపటపా పడ్డాయి. పైన గాలి పోయే కిటికీలు మేమే మూసేశాం, అవి తెరిచి ఉంచాలట. ఎవరూ చెప్పలేదు. ఉన్ని టోపీలు, ఒక అదనపు దుప్పటి తప్పకుండా పట్టుకెళ్లండి.

బాత్రూములు నాలుగు, ఆ రోజు మేము ముప్పై మంది దాకా ఉన్నాం. శుభ్రంగానే ఉన్నాయి, పొద్దున హండాలో కాచిన వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు. కానీ టెంట్ల నుంచి అక్కడికి వెళ్లే దారిలో దీపం లేదు, మెట్లు ఎగుడుదిగుడు రాళ్లు. వెస్టర్న్ ఒకటే ఉంది. మోకాళ్ల నొప్పులున్న మా నాయన రాత్రి రెండుసార్లు నన్ను లేపాల్సి వచ్చింది. లేపడానికి ఆయన ఎంత మొహమాటపడ్డాడో నాకు తెలుసు. నాలుగు సోలార్ దీపాలు, ఒక పట్టుకునే కడ్డీ, ఇంతే కావాల్సింది. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు బాత్రూముకి దగ్గరి టెంట్ ఇమ్మని ముందే అడగండి, మేము అడగలేదు.

పొద్దున తట్టె ఇడ్లీ తిని పదింటికి బయల్దేరాం. సావనదుర్గ ఎక్కుదామనుకున్నాం కానీ నాయన మోకాళ్ల వల్ల వదిలేశాం. వెళ్లేటప్పుడు కేర్‌టేకర్ నాయన చేతులు రెండూ పట్టుకుని "మత్తె బన్ని యజమాన్రే" (మళ్లీ రండి అయ్యగారూ) అన్నాడు. ఆ వెదురు కర్ర నాయన ఒడ్డున తాడు కట్టిన కొయ్య పక్కనే పాతి వచ్చాడు, మూడడుగుల దగ్గర బురద గుర్తు కనపడేలా.

ఫిబ్రవరిలో క్యాంపుకి ఫోన్ చేశాను. పిల్లల సైజు జాకెట్లు నాలుగు వచ్చాయని, పెద్దవి కూడా ఆర్డర్ పెట్టారని కేర్‌టేకర్ చెప్పాడు. దారిలో దీపాలు ఇంకా పెట్టలేదట. కర్ర గురించి అడిగాను. ఉందన్నాడు, ఇప్పుడు వచ్చిన ప్రతి గుంపుకీ దాంతోనే గుచ్చి చూపిస్తున్నాడట.